గోడంబి వెన్న

విడీ ఘర్కుల్, సోలాపూర్
19 జూన్ 2023

శాంతా,

నీ బిడ్డ స్వాతి క్షేమంగా చేరింది. మా భరత్ బస్టాండ్‌కు వెళ్లి ఆటోలో తీసుకొచ్చాడు. నువ్వు కట్టిచ్చిన సకినాలు సగం విరిగాయి, అయినా రుచి పోలేదు. నర్సు బడిలో పేరు కూడా రాయించాం.

ఫోన్ చేయలేదని తప్పు పట్టకు. జోడ్‌భావి పేట్‌లో ఇరవై ఏళ్లు మగ్గాల మధ్య కూర్చుని కండెలు చుట్టిన చెవులివి. ఫోన్ పెట్టుకుంటే ఎవరి గొంతైనా మగ్గం చప్పుడులాగే ఉంటుంది. మీ ఊళ్లో సిగ్నల్ కావాలంటే గుట్టెక్కాలట. మనిద్దరికీ ఉత్తరమే మేలు. తెలుగు బడిలో సారు బెత్తం పట్టి నేర్పిన పుస్తకం భాష ఇలాగైనా అక్కరకొస్తుంది.

బీడీలు మానేశాను. వేళ్లు వణుకుతున్నాయి, చుట్టినవి ఊడిపోతున్నాయి. ఇప్పుడు వెన్న చేస్తున్నాను. గేదెలవాళ్ల దగ్గర మీగడ తెచ్చి చిలికి గల్లీలో అమ్ముతాను. మొన్న అంగన్‌వాడీ ఆరతి మేడం వచ్చి, "నుస్తం లోణీ కశాలా, మావశీ? ఉత్త వెన్నల కొవ్వు దప్ప ఏముంటది? పప్పులు నూరి కలుపుండ్రి, ఆడోళ్లకు బలమొస్తది" అంది. బీడీ పనివాళ్లు ఉండే ఈ ఘర్కుల్ కాలనీలో ఆడవాళ్లను చూశావుగా. పొద్దస్తమానం చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టి, ఒంట్లో నెత్తురు లేక గోడ పట్టుకుని నడుస్తారు. ఆ మాట నా మనసుకు పట్టింది.

పల్లీలు నూరి కలిపాను. "ఇది లోణీ గాదు, శేంగా చట్నీ" అని నవ్వారు. బాదం ఈ గల్లీ కొనగలిగేది కాదు. చివరికి గోడంబి తెచ్చి కలిపాను. గోడంబి అంటే నీకు తెలియనిది కాదు. మన నల్లజీడి, చాకలివాళ్లు బట్టలకు గుర్తు పెట్టే గింజ, దాని లోపలి పప్పు. ఇక్కడ బాలింతల లడ్డూల్లో వేస్తారు. వెన్నలో కలిపితే ఎంత కమ్మగా ఉందో! కానీ బజారులో దాని ధర మనం ముట్టుకోలేం.

మీ ఊరి అడవినిండా ఆ చెట్లే కదా. గింజలు కొట్టి పప్పు పంపు. నీ బిడ్డ కూడా రోజూ చెంచాడు తింటుంది. చదువయ్యాక ఎలాగూ నా కోడలే. నా తమ్ముడు సిద్ధరాములు పోయేముందు నా చేతిలో చెయ్యి వేసి అడిగిన మాట నేను మరిచిపోలేదు.

దీవెనలతో,
మీ వదినె యమునాబాయి


గుండివాగు
8 జూలై 2023

యమున వదినెకు శాంత దండాలు.

మీ ఉత్తరం మూడుసార్లు చదువుకున్నాను. ఆయన పోయాక జోడ్‌భావి పేట్ గది ఖాళీ చేసి నేను పుట్టింటికి వచ్చేసిన రోజు, "పిల్ల పెద్దగయినంక నాకు ఇడువు, నేను చదివిస్త" అన్నారు మీరు. అన్నమాట నిలబెట్టుకున్నారు. నా కడుపు చల్లబడింది.

ఎండాకాలంలో ఏరి ఎండబెట్టిన జీడిగింజలు మా ఊరి పెంటప్ప ఇంట్లో రెండు బస్తాలకు పైనే ఉన్నాయి. దొరకనిది కొట్టేవాళ్లే. వదినె, ఇక్కడ ఎవరూ ఆ పని ఒప్పుకోరు. పెంకులో నల్ల నూనె ఉంటుంది. రాయి దెబ్బ పడగానే చిందుతుంది. చిందినచోట బొబ్బ లేస్తుంది. చేతులకు కొబ్బరినూనె రాసుకుని, బూడిద పూసుకుని, ముఖానికి కొంగు చుట్టుకుని కూర్చోవాలి. నేనే కూర్చున్నాను. ఆరు రోజులకు రెండు కిలోల పప్పు వచ్చింది. బస్సులో పార్శిల్ వేశాను.

చేతులకు కొంచెం అంటింది. కొత్తిమీర నూరి రాస్తున్నాను, మీరేమీ అనుకోకండి.

ఒక్క మాట. తినే పప్పులో దోషం లేదు, దోషమంతా పెంకులోదే. స్వాతిని ఆ పెంకు దగ్గరికి రానీయకండి. దానికి ఆరేళ్లప్పుడు చాకలి గుర్తున్న గౌను తొడిగితే మెడంతా వాచి వారం రోజులు జ్వరంలో పడుకుంది. మీకు గుర్తుండే ఉంటుంది, ఆసుపత్రికి మీరే ఎత్తుకెళ్లారు.

దాని ఫోన్ మోగుతోంది కానీ ఎత్తడం లేదు. గుట్టెక్కి నాలుగుసార్లు చేశాను. చదువులో ఉందేమో.

శాంత


విడీ ఘర్కుల్
5 సెప్టెంబర్ 2023

శాంతా,

నీ చేతులు చల్లగుండ! పోయిన వారం మార్కండేయ స్వామి ఊరేగింపునాడు జోడ్‌భావి పేట్‌లో చిన్న బల్ల వేసి కూర్చున్నాను. రథం మా ముందు నుంచి కదలకముందే డబ్బాలన్నీ అయిపోయాయి. మా ఎదురింటి పూనంకు ఆరో నెల. జూన్‌లో నెత్తురు పరీక్ష చేసి డాక్టరమ్మ తిట్టి పంపింది. రెండు నెలలు నా వెన్న జొన్న భాకరీ మీద రాసుకుని తిన్నది. మొన్న పరీక్షలో నెత్తురు పెరిగిందట, బిడ్డ బరువు పెరిగిందట. ఆరతి మేడం నా రెండు చేతులూ పట్టుకుని, "మావశీ, తుమ్చ్యా హాతాత్ జాదూ ఆహే" అంది. నా చేతుల్లో మహిమ ఉందట! ముప్పై ఏళ్లు ఈ చేతులతో బీడీలు చుట్టాను, ఎవరన్నారు ఆ మాట? ఇంటికొచ్చి ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను.

ఇక అసలు సంగతి. బాలింతల సామాన్లు అమ్మే పెద్ద దుకాణం వాళ్లు దసరాకు ఇమ్మన్నారు. ఆరు కిలోల పప్పు కావాలి. పోయినసారి పప్పులో విరిగినవి ఎక్కువ, కొన్నింటి మీద నల్ల మరకలు. మనసు పెట్టి కొట్టు.

స్వాతి ఫోన్ నేనే తీసి బీరువాలో పెట్టాను. ఆ వయసు పిల్లల చేతిలో ఫోన్ ఉంటే పుస్తకం ఉండదు. అది పక్కనే ఉంది, రెండు ముక్కలు రాస్తానంటోంది.

యమునాబాయి

అమ్మా, నేను బాగున్నాను. అత్తమ్మ బాగా చూసుకుంటోంది. వెన్న రోజూ తింటున్నాను. స్వాతి.


గుండివాగు
27 సెప్టెంబర్ 2023

యమున వదినెకు,

అక్షరాలు వంకర పోతే మన్నించండి. చేతులు బాగాలేవు. ఈ ఒక్క నెల వదిలేయండి. దీపావళి నాటికి ఎలాగైనా చూస్తాను.

స్వాతి రాసిన ముక్కలు చూసి సంతోషపడ్డాను, ఆశ్చర్యపోయాను కూడా. దానికి పుట్టినప్పటి నుంచీ వెన్న వాసన పడదు. నేను ముద్దలో దాచిపెట్టినా ఉమ్మేసేది. మీరు ఎలా అలవాటు చేశారో!

శాంత


విడీ ఘర్కుల్
9 అక్టోబర్ 2023

శాంతా,

నీ చీటీ అందింది. చీటీ అనే అంటున్నాను, దాన్ని ఉత్తరం అనరు.

చేతులు బాగాలేవని రాశావు. నాకు తెలుగు వచ్చు. చెయ్యి ఆడటం లేదని, ఏమైనా ఇమ్మని అడగడానికి ఇంత చుట్టు తిరగాలా? ఈ ఘర్కుల్‌లో ఎవరి చెయ్యి ఆడుతోంది చెప్పు? నీ బిడ్డ తినే అన్నానికి నేను వెల కట్టానా? కట్టుకునే బట్టకు కట్టానా? మన ఇద్దరి మధ్య బేరం పెట్టింది నువ్వు. నా తమ్ముడు బతికుంటే సిగ్గుపడేవాడు.

దుకాణం వాళ్లకు మాటిచ్చాను. మాట పోతే ఈ వయసులో నేను మళ్లీ చాట ఒళ్లో పెట్టుకోవాలి. అది నీకు సంతోషమైతే అలాగే కానీ.

ఇంకొకటి. మా భరత్‌కు మంచి సంబంధం వచ్చింది. నిలేష్ అని, సొంత మగ్గాలున్నవాడు, వాడి చెల్లెలు. "మేనకోడలుంది, మాటిచ్చిన" అని నేనే ఆపాను. ఎన్నాళ్లు ఆపాలో నువ్వే చెప్పు. అటు నుంచి మనసు లేనప్పుడు ఇటు నుంచి ఒక్కదాన్నే ఎంతకని లాగను?

యమునాబాయి


గుండివాగు
22 అక్టోబర్ 2023

యమున వదినెకు శాంత దండాలు.

ఈ అక్షరాలు మా వీధి చివరి చంద్రభాగవి. నేను చెబుతున్నాను, ఆమె రాస్తోంది.

వదినె, నేను అడిగింది డబ్బు కాదు. నిజంగా చేతులే. అరచేతుల్లో తోలు ఊడిపోయింది. కుడిచేతి చూపుడువేలు వంగడం లేదు. చెంబు పట్టుకోలేక చంద్రభాగ నీళ్లు తాగిస్తోంది. ఇవన్నీ రాయకూడదని, మీరు బాధపడతారని, ఒక్క మాటలో రాశాను. తప్పు నాదే.

మీ మాట పోకూడదు. అంతకుముందు కొట్టిన పప్పు కిలోన్నర ఉంది, పంపుతున్నాను. మిగతాది కొట్టడం నావల్ల కాదు. అందుకని ఒక బస్తా గింజలు పెంకుతోనే పంపుతున్నాను. అక్కడ బిబ్బా అంటారట. పని తెలిసిన మనుషులు మీ వైపు ఉంటారు, వాళ్లతోనే కొట్టించండి. ఇంట్లో వద్దు, బయట గాలిలో. కొట్టే ముందు వేయించకండి, ఆ పొగ కూడా మంచిది కాదు.

కాళ్లు మొక్కుతాను, స్వాతిని మాత్రం దాని దగ్గరికి పంపకండి.

సంబంధం సంగతి రెండుసార్లు చదివించుకున్నాను. మనసు లేకపోవడమేమిటి వదినె? నాకు ఈ లోకంలో ఉన్న ఆశ అదొక్కటే.

శాంత


విడీ ఘర్కుల్
4 డిసెంబర్ 2023

శాంతా,

దసరాకు కాకపోయినా దీపావళికి సరుకు అందించాం. దుకాణం ముందు అద్దాల బల్లలో నా డబ్బాలు పెట్టారు. మూత మీద "యమునాబాయి పౌష్టిక లోణీ" అని అచ్చు వేయించాడు భరత్. చూసేవాళ్లకు కళ్లు చాలవు.

బస్తా సంగతి. పని తెలిసిన మనుషుల కోసం మూడు గల్లీలు తిరిగాను. బిబ్బా అనగానే తలుపులు వేసుకున్నారు. నేనేం చేయను? అప్పుడు స్వాతే ముందుకొచ్చింది. "మా అమ్మ కొడ్తది గద, నేను కొడ్త తీ, అత్తమ్మా" అంది. నేను బలవంతం చేయలేదు. నూనె ఇచ్చాను, పాత చద్దరు ఇచ్చాను. నీ బిడ్డకు నీకన్నా తెలివుంది. గింజలు కొంచెం వేడి చేస్తే పెంకు తొందరగా పగులుతుందని ఎవరో చెప్పారు. వేడి చేశాం, పని తొందరగా అయింది.

కాస్త ముఖం వాచింది. పెద్దగా ఏమీ లేదు. ఈ కాలం పిల్లలకు చీమ కుట్టినా ఆసుపత్రే. నేను పదేళ్లప్పుడు పొగాకు దుమ్ములో కూర్చుని దగ్గుతూ బీడీలు చుట్టాను, మా అమ్మ నాకు మందు వేయించిందా? పదిహేను రోజులుగా బడికి పోవడం లేదు. బడివాళ్లు, "చేతులు మానకుండా రోగులను ముట్టుకోనియ్యం" అన్నారట. వాళ్ల నియమాలు వాళ్లవి.

ఇప్పుడు పడుకుంది, అందుకే దాని రాత లేదు. బస్తాలో ఇంకా సగముంది.

యమునాబాయి


గుండివాగు
14 డిసెంబర్ 2023

వదినె,

మీ ఉత్తరం ఇప్పుడే చంద్రభాగ చదివింది. రేపటి బస్సుకు బయలుదేరుతున్నాను. ఈ ఉత్తరం కన్నా ముందు నేనే చేరతానేమో. అయినా రాయిస్తున్నాను. నేను వచ్చేలోపు దాన్ని ఇంకొక్క గింజ ముట్టనీయకండి.

శాంత


విడీ ఘర్కుల్
20 జనవరి 2024

శాంతా,

నువ్వు బిడ్డను తీసుకుని వెళ్లి నెల దాటింది. కోపం చల్లారాక రాయాలని ఆగాను. ఊళ్లో సిద్ధేశ్వర యాత్ర అయిపోయింది, నా మనసు మాత్రం కుదుటపడలేదు.

ఆడబిడ్డ ఇంటికొచ్చిన మరదలు నడుచుకోవాల్సిన తీరేనా అది? లోపల బిడ్డను చూసి వచ్చి గడప మీద కూర్చున్నావు. మళ్లీ లోపలికి రమ్మంటే రాలేదు. నీళ్లిస్తే ముట్టలేదు. రెండు చేతులకూ గుడ్డలు చుట్టుకుని, గల్లీ అంతా చూసేలా కూర్చున్నావు. పూనం వాళ్లమ్మ వచ్చి "కాయ్ ఝాలం?" అని, ఏమైందని అడిగితే, నోటితో చెప్పకుండా ఆ చేతులు ఎత్తి చూపించావు. నేను నిన్ను కొట్టానా, తిట్టానా? వెళ్లేటప్పుడు రెండు డబ్బాల వెన్న ఇచ్చాను, బిడ్డకు బలమని. వాటిని గడప మీదే వదిలి వెళ్లావు. పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టయింది నా బతుకు.

ఇక చెప్పక తప్పని మాట. భరత్ స్వాతిని చేసుకోనన్నాడు. నేను ఎంతో చెప్పాను. "అమ్మా, ఆ ముఖం సూస్తె నాకు అన్నం వోతలేదు" అన్నాడు. వాడి మాట కటువే, కానీ ఒట్టి మాట కాదు. బుగ్గల మీద ఆ నల్లమచ్చలు ఎప్పటికి పోతాయో దేవుడికే తెలియాలి. రేపు నా వెన్న డబ్బా పట్టుకుని దుకాణాలకు తిరగాల్సిన కోడలు. బలానికి అమ్మే సరుకు, అమ్మే మనిషి ముఖం అలా ఉంటే ఎవరు కొంటారు? నిలేష్ చెల్లెలితో ఖాయం చేశాం. మార్చిలో లగ్నం. నువ్వు వస్తే కాదనను.

మనుషుల మాట వేరు, సరుకు మాట వేరు. పెంటప్ప ఇంట్లో రెండో బస్తా ఉందన్నావు. అది పంపించు.

యమునాబాయి


గుండివాగు
11 ఫిబ్రవరి 2024

యమునాబాయి గారికి,

చంద్రభాగే రాస్తోంది. వదినె అని రాయమని ఆమె అంది, నేను వద్దన్నాను.

ఆ రోజు మీ ఇంట్లో స్వాతిని చూసి నేను గుర్తుపట్టలేదు. అది మీకు తెలుసా? చద్దరు కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుంది. ఇటు తిరిగాక కూడా ఎవరో పక్కింటి మనిషి అనుకుని, "స్వాతి ఏదమ్మా?" అని దాన్నే అడిగాను. కళ్లు విచ్చుకోవడం లేదు. "నేనే అమ్మా" అంది. కన్నతల్లిని, అలా అడిగాను.

బస్సులో అది అంతా చెప్పింది. చెప్పనంది ముందు. నా చేతుల గుడ్డలు విప్పి చూసి, అప్పుడు చెప్పింది.

"అమ్మా, నీ చేతులు పుండ్లయినయని నాకు ఎరుకనే. నీ ఉత్తరం అత్తమ్మ నాకు సదివి ఇనిపిచ్చింది."

"ఏమనుకుంట సదివింది?"

"మీ అమ్మ చేతులు కాలినయట. నువ్వు కొడ్తవా, మల్ల ఆమెకే రాయాల్నా, సెప్పు అన్నది. నేను కొడ్త అన్న."

"ఎప్పుడు?"

"దసరకు మస్తు ముందు, నీ వంకర అక్షరాల ఉత్తరం వచ్చిన దినమే. నీ బస్తా ఇంక రాలేదు. బజార్లకెల్లి సంచెడు బిబ్బలు తెచ్చి పెట్టింది. నేను కొడుతున్న, ఇగ మా అమ్మకు రాయకు అన్న. రాయను అన్నది."

ఆ మాట విన్నాక లెక్క వేసుకున్నాను. మీరు నా చేతుల మాటను డబ్బు మాటగా మార్చి తిట్టిన ఉత్తరం అక్టోబర్ తొమ్మిదిన రాశారు. అప్పటికే అది మీ పెరట్లో రాయి పట్టుకుని కూర్చుంది. మీకు నా మాట అర్థం కాలేదనుకుని నేను ఇన్నాళ్లు నన్నే తిట్టుకున్నాను, సరిగ్గా రాయలేదని. మీకు మొదటిరోజే అర్థమైంది. నా చేతులు అడ్డుపెట్టి దానితో కొట్టించారు, దాని పెళ్లి అడ్డుపెట్టి నాతో కొట్టించారు. ఇద్దరం ఒకరికోసం ఒకరం నోరు మూసుకున్నాం.

వెన్న కూడా ఒక్క చెంచా తినలేదట. మీరు పెట్టనూ లేదు, అది అడగనూ లేదు. రోజూ తింటున్నానన్న ఆ వాక్యం మీరు చెబితే రాసిందట.

కానీ ఆ బస్తా పంపింది నేనే. దాని ఒంటి సంగతి తెలిసి, ఆ పెంకు సంగతి తెలిసి, సంబంధం పోతుందన్న భయంతో పంపాను. మిమ్మల్ని అన్న ప్రతి మాటా నన్నూ అనుకుంటున్నాను. స్వాతి నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

వాపు పోయింది. మచ్చలున్నాయి. ఇంట్లో ఉన్న అద్దం అదే తీసి పెట్టెలో అడుగున పెట్టింది. నర్సు బడివాళ్లు ఏడాది పోయినట్టేనన్నారు. జూన్‌లో మళ్లీ మొదటి నుంచి రావచ్చట. "సోలాపూర్‌కు నేను వోను" అంటోంది.

రెండో బస్తాను నేను, పెంటప్ప కలిసి ఊరి బయట గుంట తవ్వి పూడ్చాం. లగ్నానికి రాను. ఇకమీదట మీ ఉత్తరం వస్తే విప్పను.

శాంత


విడీ ఘర్కుల్
2 మార్చి 2024

శాంతా,

విప్పనన్నావు, అయినా రాస్తున్నాను. చంద్రభాగ ఉందిగా, ఆమెకు ఆగదు, విప్పి చదువుతుంది.

నువ్వు రాసినదాంట్లో అబద్ధమేమీ లేదు. కాదని నేను ఎవరి దగ్గరా అనను. చదివి వినిపించాను, నిజమే. నీ బిడ్డ ఒప్పుకుంది, అదీ నిజమే. మగ్గాల దగ్గర చెవులు పోగొట్టుకున్నదాన్ని, బీడీల దగ్గర ఊపిరి పోగొట్టుకున్నదాన్ని. ఎవరో ఒకరిది పోకుండా ఏ సరుకూ తయారు కాదు. ఇన్నాళ్లూ నాది పోయింది. పూనంకు కొడుకు పుట్టాడు, పుట్టినప్పుడే మూడు కిలోల పైన ఉన్నాడు. వాడి ముందు నిలబడి నా వెన్న తప్పని చెప్పగలవా?

నీ బస్తా కోసం దిగులు లేదు. గింజలు ఇక్కడే దొరుకుతున్నాయి. కొట్టడానికి మనిషి కూడా దొరికింది. మూడో గల్లీలో ఉంటుంది. మొగుడు పోయి ఏడాదయింది, వెనక ఎవరూ లేరు. నెమ్మదైన మనిషి, ఎదురు చెప్పదు. ఆమెకు పదో తరగతి చదివే కూతురుంది. "పిల్లను నా దగ్గర ఉంచు, నేను చదివిస్త" అన్నాను. కాళ్లకు దండం పెట్టింది. స్వాతి పడుకున్న చోటే పక్క వేశాం, నిన్నటి నుంచి ఆ పిల్ల మా ఇంట్లోనే ఉంటోంది.

పన్నెండో తారీఖు లగ్నం.

యమునాబాయి